ఉడికిన గుడ్డు, ఊగని ముల్లు

అబద్ధం ఆడలేదని అంత నిటారుగా కూర్చున్నావే, నీతోనే చెబుతున్నాను. ఆడలేదు, సరే. చెప్పవలసిన చోట నోరు కుట్టుకుని కూర్చున్నావు కదా, దానికేం పేరు పెడతావు? ఎవరూ అడగలేదంటావు. అడిగితేనే చెప్పాలని నీకు ఏ పెద్దమనిషి నేర్పాడు? సాకులు పక్కనపెట్టి విను. ఆదోనిలో ఉరుకుందు అనే శిష్యుడొకడు అచ్చం నీలాగే అనుకున్నాడు. అతను దొంగ కాదు, సోమరి కాదు, తాగుబోతు కాదు. నీలాగే మంచివాడు.

ఆదోని పత్తి ఊరు. ఊరి చివర పత్తి గింజలు తీసే ఒక పాత జిన్నింగు మిల్లు ఉంది. దాని గోదాములో పత్తి బేళ్లు కప్పుదాకా పేర్చి ఉంటాయి. పత్తికి ఒక చెడ్డ గుణం ఉంది. కాస్త తడి మీద కట్టేస్తే లోపల్లోపలే కాగుతుంది. పొగ రాదు, వాసన రాదు. పది రోజులు అట్లాగే తెల్లగా నవ్వుతూ ఉండి, ఒకనాడు భగ్గుమంటుంది.

అందుకని ఆ మిల్లులో ఒక పద్ధతి ఉండేది. తాయమ్మ అనే మనిషి రోజుకు మూడుసార్లు గోదాములోకి వెళ్లి, ఆరడుగుల ఇనుప చువ్వను బేళ్ల సందుల్లోకి లోపలికంటా దూర్చేది. నూరు అంకెలు లెక్కపెట్టేది. బయటికి లాగి చువ్వ కొనను చెంపకు ఆనించుకునేది. వెచ్చగా తగిలితే ఆ వరస విప్పాల్సిందే. మిల్లు సేటు వద్దన్నా విప్పించేది. ఆమె ఎడమ చెంప మీద చిన్న చిన్న మచ్చలుండేవి. ఒక్కో మచ్చ ఆమె ఆపిన ఒక్కో మంట.

ఆ మిల్లుకు రెండు వీధుల అవతల హుసేన్ పీరా గారి గది ఉంది. ఆయన కాలేజీలో ముప్పై ఏళ్లు సైన్సు చెప్పి దిగిపోయిన మనిషి. అందరూ ఉస్తాద్ అంటారు. దిగిపోయాక కూడా ఊరుకోలేదు. గదిలో గాజు గొట్టాలు, కుండలు పెట్టుకుని వేడిని పసిగట్టే ఒక కన్ను తయారు చేస్తున్నాడు. ఆయనకు అప్పుడున్న శిష్యుడు ఉరుకుందు ఒక్కడే.

ఆ కన్ను సంగతి తేలికగానే చెబుతాను. ఒక ప్రోటీన్ ఉంది. ఎవరికీ హాని చేయని ఒక సూక్ష్మజీవిలో దాన్ని పెంచుతారు. రెండు పోగులు కలిపి పేనిన దారంలా ఉంటుంది. వేడి తగిలితే పేట విప్పుకుంటుంది, చల్లారితే మళ్లీ పేనుకుంటుంది. దాన్ని గాజుపలక మీద పల్చటి పొరగా ఆరబెడతారు. వేడి వస్తువు దూరంగా ఉన్నా సరే, దానిలోంచి కంటికి కనపడని వెలుగొకటి వస్తుంది. బడి పుస్తకాల్లో పరారుణ కిరణాలంటారు. అది పొర మీద పడితే పేట విప్పుకుంటుంది, పొరలో పోయే కరెంటు మారుతుంది, పక్కనున్న ముల్లు ఊగుతుంది. ముల్లు ఎర్రగీత దాటితే గంట మోగుతుంది.

కానీ దానికొక హద్దు ఉంది. హద్దు దాటి వేడి తగిలితే విప్పుకున్న పేట మళ్లీ పేనుకోదు. అందుకే ఉస్తాద్ పొరల్ని మూడు రోజులు నీడలో, తడి గోనె చుట్టిన చల్లటి నీళ్లకుండ పక్కనే ఆరబెట్టించేవాడు. ఎండ పొడ తగలనిచ్చేవాడు కాదు.

ఆ గదిలో ఇంకో పద్ధతి కూడా ఉండేది. పొద్దున్నే పనిముట్టు ముట్టుకోకముందు శిష్యుడు నిన్న చేసిన తప్పును పైకి చెప్పాలి. ఉస్తాద్ వింటాడు. తిట్టడు. "సరే, కడుక్కో" అని చెంబుతో అతని చేతుల మీద నీళ్లు పోస్తాడు. ఆ తర్వాతే పని. చెప్పింది చాలా, ఇంకేమన్నా ఉందా అని రెండోసారి అడగడం ఆయన అలవాటు కాదు.

మిల్లు సేటు ఆ కన్ను గురించి విని, గోదాములో ఆరు కళ్లు పెట్టమని అడిగాడు. సోమవారం పొద్దున ముహూర్తం పెట్టించుకున్నాడు. ఉస్తాద్ ఉరుకుందును పిలిచి, "ఈ ఆరూ నువ్వే చెయ్యి. నేను చెయ్యి పెట్టను. నిలబడితే ఈ గది తాళంచెవి నీ చేతికిస్తాను" అన్నాడు.

ఆ తాళంచెవి కోసం ఉరుకుందు నాలుగేళ్లుగా ఎదురు చూస్తున్నాడు.

కానీ పని ఆలస్యమైంది. పొరలు పోసేటప్పటికి శనివారమైంది. ఆదివారం మధ్యాహ్నానికి ఇంకా తడిగానే ఉన్నాయి. ఉస్తాద్ ఎమ్మిగనూరుకు పెళ్లికి పోయాడు. ఉరుకుందు గది గుమ్మంలో నిలబడి ఎండను చూశాడు. వైశాఖమాసపు ఎండ. ఎదురింటి రేకుల మీద ఆరేసిన వడియాలు గంటలో గలగలమంటున్నాయి.

పొరలున్న పళ్లెం తీసుకెళ్లి రేకుల మీద పెట్టాడు. రెండే రెండు గంటలు.

ఆరూ అద్దంలా ఆరాయి. ఇంత అందమైన పొరలు ఉస్తాద్ కూడా చేసి ఉండడనుకున్నాడు. ఒకదానికి తీగలు తగిలించి దాని ముందు చెయ్యి పెట్టాడు. ముల్లు ఊగింది. ప్రాణం లేచి వచ్చింది. తర్వాత మరిగే నీళ్ల గిన్నె తెచ్చి పెట్టాడు. ముల్లు అంతే ఊగింది. చేతికి ఎక్కడ ఆగిందో గిన్నెకూ అక్కడే, ఎర్రగీతకు ఇవతలే ఆగింది.

అతనికి అర్థం కాలేదు. ముల్లు పట్టుకుపోయిందేమోనని వేరే మీటరు పెట్టాడు. అదే జవాబు. రెండో పొర చూశాడు, మూడోది చూశాడు. మనిషి చెయ్యీ, మరిగే గిన్నే వాటికి ఒకటే. పూర్తిగా చచ్చాయా అంటే చావలేదు. బతికున్నాయా అంటే, ఎంత బతికున్నాయో తెలియడం లేదు. 'ఊగుతున్నాయి కదా' అనుకున్నాడు. 'కొత్తవి కదా, రెండు రోజులు పోతే సర్దుకుంటాయేమో' అనుకున్నాడు.

మళ్లీ మొదటినుంచి చేయాలంటే మూడు వారాలు పడుతుంది. ముహూర్తం తెల్లవారితే.

సోమవారం పొద్దున ఉస్తాద్ చెంబు పట్టుకుని నిలబడ్డాడు.

"చెప్పు బేటా."

"నిన్న గాజు గొట్టం ఒకటి పగలగొట్టాను ఉస్తాద్."

అది నిజమే. పగలగొట్టాడు.

"సరే, కడుక్కో."

నీళ్లు చల్లగా పడ్డాయి. ఉరుకుందు చేతులు ఎక్కువసేపు రుద్దుకున్నాడు.

మిల్లులో టెంకాయ కొట్టారు. ఆరు కళ్లనూ గోదాము గోడలకు బిగించారు. "బాగా చూశావా?" అని ఉస్తాద్ అడిగాడు. "చూశాను ఉస్తాద్" అన్నాడు ఉరుకుందు. అదీ నిజమే. చూశాడు. ఏం చూశావని ఆయన అడగలేదు.

సేటు ఒక్కో కన్ను ముందు చెయ్యి ఊపాడు. ముళ్లు ఊగాయి. సేటు చిన్నపిల్లాడిలా నవ్వి, "ఇంక నీకు చువ్వ మొయ్యే పని లేదు తాయమ్మా, బయట వాకిలి ఊడ్చుకుందువులే" అన్నాడు. ఆమె చువ్వను గోడకు ఆనించి, ఊరికే తల ఊపింది. కళ్లకు గాలి తగిలితే ముల్లు తప్పు చూపుతుంది కాబట్టి ఉరుకుందు ఒక అట్టముక్క మీద స్వయంగా రాసి గోదాము తలుపుకు తగిలించాడు: 'తలుపు ఎప్పుడూ గడియ వేసి ఉంచవలెను.'

ఆ సాయంత్రమే ఉస్తాద్ తాళంచెవి తీసి అతని అరచేతిలో పెట్టాడు. ఇత్తడి చెవి. ఆయన జేబులో ఉండి ఉండి వెచ్చగా ఉంది.

మర్నాడు పొద్దున ఉస్తాద్ రొట్టె, ఉడికిన కోడిగుడ్లు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. ఉరుకుందు ఎదుట చతికిలబడ్డాడు.

"ఉస్తాద్, ఒక మాట. ఊరికే అడుగుతున్నాను. ఎవరైనా పొరపాటున పొరకు వేడి ఎక్కువ తగలనిచ్చారనుకోండి. దాన్ని నాలుగు రోజులు చల్లటి చోట ఉంచితే మళ్లీ మామూలుగా అవుతుందా?"

ఉస్తాద్ అతని మొహంలోకి చూశాడు. పెంకు తియ్యని గుడ్డు ఒకటి తీసి అందించాడు.

"దీన్ని తీసుకుపోయి నీళ్లకుండ పక్కన పెట్టు. పచ్చిదైనాక తెచ్చివ్వు."

"ఇది ఉడికింది కదా ఉస్తాద్?"

"ఉడికిందే."

"ఉడికింది పచ్చిదెట్లా అవుతుంది?"

"నువ్వు సైన్సు చదువుకున్నోడివి, నేను ముసలోణ్ణి. పెట్టి చూడు."

ఉరుకుందు గుడ్డు పట్టుకుని బయటికి వచ్చాడు. హాస్యమా? ఉస్తాద్ హాస్యమాడితే ముందు తనే నవ్వుతాడు. ఇప్పుడు నవ్వలేదు. తెలిసిపోయిందా? తెలిస్తే ఆయన ఊరుకునే మనిషి కాదు, ఆ నిమిషమే మిల్లుకు పోయి ఆరు కళ్లూ ఊడబెరికి తెస్తాడు. తేలేదు కాబట్టి తెలియదు. తెలియకపోతే గుడ్డెందుకిచ్చాడు? ప్రశ్నకు జవాబని ఇచ్చాడా, ప్రశ్న వెనకాల ఇంకేదో ఉందని ఇచ్చాడా? నడిచినకొద్దీ గుడ్డు చేతిలో బరువెక్కింది. నీళ్లకుండ పక్కన గడ్డి పరిచి దాన్ని పెట్టాడు. గురువు చెప్పిన మాట. పారేయడానికి లేదు.

ఆ రోజు నుంచి ఉస్తాద్ రోజుకొకసారి అడిగేవాడు.

"అయ్యిందా?"

"కాలేదు ఉస్తాద్."

"పోనీలే. రేపు చూద్దాం."

పొద్దున్నే తప్పు చెప్పే పద్ధతి మాత్రం ఉరుకుందుకు ముళ్ల మీద నడకైంది. మంగళవారం దీపం ఆర్పడం మరిచిపోయానన్నాడు. బుధవారం ఉప్పు తక్కువ తూచానన్నాడు. గురువారం చెప్పడానికి ఏ తప్పూ దొరకలేదు. మనిషి ఎంత జాగ్రత్తగా ఉన్నాడంటే, పెద్ద తప్పును కప్పెట్టడానికి చిన్న తప్పులు కూడా మిగలలేదు. చివరికి ఉస్తాద్ రాకముందు గాజు కడ్డీ ఒకటి తీసుకుని కావాలని విరిచాడు. "గాజు కడ్డీ విరిగింది ఉస్తాద్" అన్నాడు. ఉస్తాద్ నీళ్లు పోశాడు. విన్నావా? తప్పు ఒప్పుకోవడానికి తప్పు చేశాడు. మంచివాళ్లు ఇట్లాగే పాడవుతారు.

శనివారం మిల్లు నుంచి తాయమ్మ వచ్చింది. గది గడప దగ్గరే నిలబడి కొంగుతో మొహం తుడుచుకుంది.

"నాయనా, మూడో వరసలో అడుగు బేలు వెచ్చగా తగుల్తాంది. నీ కన్నేమో నిద్రపోతాంది."

ఉరుకుందు లేచి నిలబడ్డాడు. "నువ్వు ఇంకా చువ్వ పట్టుకుని తిరుగుతున్నావా తాయక్కా?"

"సేటు చూడనప్పుడు దూరుస్తాంటా. అలవాటు. దూర్చకుంటే ఈ చెంప తీట పెడుతుంది."

"ఎండకు రేకులు కాలి ఉంటాయిలే."

"నలభై ఏళ్లుగా ఆ రేకులు కాల్తానే ఉన్నాయి కదప్పా. ఎండ పైనుంచి వస్తుంది. ఇది అడుగున ఉండేది." ఆమె గొంతు తగ్గించి నవ్వింది. "ఇంకొకటి అడుగుతా, నవ్వకు. నేను ముందర నిలబడితే ఆ ముల్లు ఊగుతుంది. బేలును చూసి ఊగదు. నేనంటే దానికంత ఇష్టమా?"

నాలుగేళ్ల చదువుతో ఉరుకుందుకు తెలిసినదాన్ని ఆమె ఒక్క మాటలో అడిగేసింది. నిజం నోటిదాకా వచ్చింది. కానీ నోరు వేరే మాట అన్నది.

"నీ చెంపకంటే ఆ కన్నుకే ఎక్కువ తెలుసు తాయక్కా. నువ్వు నిమ్మళంగా ఉండు."

"సరే నాయనా. చదువుకున్నోళ్లు" అని ఆమె వెళ్లిపోయింది.

మనసు ఊరుకోలేదు. సాయంత్రం గోదాముకు వెళ్లాడు. మూడో వరస ముందు నిలబడ్డాడు. బేళ్లు తెల్లగా, చల్లగా, ఏమీ ఎరగనట్టు ఉన్నాయి. గోడ మీద కన్ను ఉంది. ముల్లు తనను చూసి కాస్త ఊగి ఆగింది. అడుగు బేలు వైపు వంగి చెయ్యి చాపాడు. వేళ్లు జానెడు దూరంలో ఆగిపోయాయి.

ముట్టుకుంటే తెలిసిపోతుంది. తెలిస్తే చెప్పాలి.

కాసేపు అట్లాగే వంగి నిలబడ్డాడు. ఏదో వెచ్చగా అనిపించినట్టే ఉంది, తన భయమే వెచ్చగా ఉన్నట్టూ ఉంది. ఏది ఏదో తేల్చుకోలేకపోయాడు. వేళ్లు ముడిచి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. గడియ వేసి ఇంటికి పోయాడు.

గుడ్డు నాలుగో రోజుకే వాసన కొట్టింది. ఏడో రోజుకు గదిలోకి వచ్చినవాళ్లు ముక్కు మూసుకుని, "ఏం చచ్చిందప్పా ఇక్కడ?" అని అడగడం మొదలుపెట్టారు. ఉస్తాద్ మాత్రం ఏమీ తెలియనట్టు ఆ వాసనలోనే కూర్చుని పని చూసుకునేవాడు. "అయ్యిందా?" అనేవాడు. "కాలేదు ఉస్తాద్." ఉరుకుందుకు అన్నం సహించడం మానేసింది. కంచం ముందు కూర్చుంటే గుడ్డు వాసన. పడుకుంటే గుడ్డు వాసన. తన చేతులే వాసన వేస్తున్నాయేమోనని పదే పదే కడుక్కునేవాడు.

రెండో శుక్రవారం పొద్దున ఇక తట్టుకోలేకపోయాడు. గుడ్డును టిఫిను డబ్బాలో పెట్టి మూత బిగించాడు. ఈ రోజు చెప్పేస్తాను అనుకున్నాడు. ఉస్తాద్ ఆ రోజు గదికి రాలేదు, నేరుగా నమాజుకు పోయాడని చెప్పారు. ఉరుకుందు మసీదు బయట, చెప్పులు విడిచే చోట గోడ నీడన నిలబడ్డాడు.

చెప్పవలసిన మాటలు వరసగా పేర్చుకున్నాడు. 'ఆదివారం మీరు లేనప్పుడు...' కాదు. 'ఉస్తాద్, మీరిచ్చిన గుడ్డు...' అదీ కాదు. చెబితే తాళంచెవి తిరిగి ఇవ్వమంటాడా? అనడేమో. అనకపోతే ఇంకా కష్టం. మాటల్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసుకుంటూ నిలబడ్డాడు.

మిల్లు రెండు వీధుల అవతలే ఉంది. అక్కడికి నేరుగా పోయి, 'ఆ కళ్లు నమ్మకండి, మూడో వరస విప్పండి' అంటే సరిపోయేది. గురువు ముందు ఎట్లా నిలబడాలా అన్న ఆలోచనలో ఆ సంగతి అతనికి తట్టనే లేదు.

లోపల నమాజు ముగియకముందే మిల్లు సైరను మోగింది.

డబ్బా అక్కడే పడేసి పరిగెత్తాడు. మిల్లు వాకిట్లో జనం బకెట్లు పట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నారు. గోదాము పైరేకుల సందుల్లోంచి పొగ మెలికలు తిరుగుతోంది. ఆరు కళ్లకూ కలిపి కట్టిన గంట గోడ మీద చప్పుడు చెయ్యకుండా వేలాడుతోంది.

"లోపల ఎవరైనా ఉన్నారా?" అని సేటు అరుస్తున్నాడు.

"అన్నాల వేళ కదా సేటూ, ఎవరూ ఉండరు. గడియ నేనే వేసినా" అన్నాడు ఒక హమాలి, తలుపు మీది అట్టముక్క చూపిస్తూ.

అప్పుడు వినిపించింది. తలుపుకు లోపలివైపు నుంచి ఇనుము ఇనుముకు తగిలే చప్పుడు. టంగ్. టంగ్. చువ్వ చప్పుడు.

"తాయమ్మ!" అన్నారెవరో.

ఇద్దరు ముందుకు ఉరికి, తలుపును ముట్టుకుని కేకపెట్టి వెనక్కి పడ్డారు. "గోనెలు తడిపి తేండ్రా!" అని ఒకడు అరిచాడు. గోనెల కోసం కొందరు పరిగెత్తారు. టంగ్ మన్న చప్పుడు నెమ్మదించింది.

ఉరుకుందు గోనెల కోసం ఆగలేదు. రెండు చేతులతో గడియ పట్టుకున్నాడు. వేడికి ఉబ్బి అది గొళ్లెంలో బిగుసుకుపోయి ఉంది. లాగితే రాలేదు. వదిలి మళ్లీ పట్టుకోవాలంటే మళ్లీ పట్టుకోలేనని అతనికి తెలుసు. వదల్లేదు. ఎంతసేపు పట్టుకున్నాడని తర్వాత అడిగితే అక్కడున్నవాళ్లు తలా ఒక మాట చెప్పారు. ఏదైతేనేం, గడియ వచ్చింది. తలుపు జరిగింది. తాయమ్మ నేల మీద పాకుతూ, చువ్వ ఈడ్చుకుంటూ బయటికి వచ్చి వాకిట్లో బోర్లా పడింది. ఆమె వెంట్రుకలు కాలాయి. ప్రాణం దక్కింది.

"మూడో వరసే" అంది దగ్గు మధ్యలో. "చెప్పినా కదప్పా."

సాయంత్రానికి గోదాము బూడిదైంది.

ఉరుకుందును కర్నూలు ఆసుపత్రికి తీసుకెళ్లారు. మూడో రోజు ఉస్తాద్ వచ్చి మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. పొద్దుటి వేళ. కిటికీలోంచి ఎండ పడుతోంది. ఉరుకుందు రెండు చేతులూ మోచేతుల దాకా కట్లతో దిండ్ల మీద ఉన్నాయి.

అతను కళ్లు మూసుకుని మొత్తం చెప్పాడు. రేకులు, ఎండ, రెండు గంటలు, చేతికీ గిన్నెకూ ఒకటే అయిన జవాబు. కావాలని విరిచిన గాజు కడ్డీ. తాయమ్మతో అన్న మాట. జానెడు దూరంలో ఆపిన చెయ్యి. ఏదీ వదల్లేదు.

ఉస్తాద్ అంతా విన్నాడు. అలవాటు ప్రకారం ఆయన చెయ్యి మంచం పక్కనున్న చెంబు మీదికి పోయింది. చెంబు పైకెత్తాడు. శిష్యుడి చేతులవైపు చూశాడు. చెంబు మెల్లగా కింద పెట్టాడు.

"ఇప్పుడు నీళ్లెక్కడ పొయ్యను బేటా?"

ఉస్తాద్ లేచి గుమ్మం దాకా పోయి ఆగాడు.

"ఆ రోజు నువ్వు ఊరికే అడగడం లేదని నాకు తెలుస్తూనే ఉంది. నోరు తెరిచి అడగకుండా నీ చేతిలో గుడ్డు పెట్టి కూర్చున్నాను. నా పద్ధతి నాకు ముద్దొచ్చింది." అని వెళ్లిపోయాడు.

రెండు నెలలకు ఉరుకుందు ఆదోనికి తిరిగి వచ్చాడు. గదికి పోతే తాళం వేసి ఉంది. ఉస్తాద్ మిల్లులో ఉన్నాడన్నారు. వెళ్లి చూశాడు. కొత్తగా వేసిన రేకుల కింద, కొత్త బేళ్ల మధ్య, ఆయన ఆరడుగుల చువ్వ పట్టుకుని ఉన్నాడు. చువ్వను సందులోకి దూర్చాడు. పైకే నూరు అంకెలు లెక్కపెట్టాడు. లాగి, కొనను చెంపకు ఆనించుకున్నాడు. తెల్లటి గడ్డం పక్కన అప్పటికే ఎర్రటి మచ్చ ఒకటి ఉంది.

పక్కన తాయమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. "అట్ల కాదు సాయిబూ. గట్టిగా ఆనించాల. భయపడితే ఏం తెలుస్తుంది?"

"సరే తాయమ్మా" అన్నాడు ఉస్తాద్.

సేటు దగ్గరికి పోయి, 'ఆ పొరలు నా గదిలోంచి వచ్చాయి, తప్పు నాది' అని ఆయన అప్పటికే చెప్పి ఉన్నాడు. కళ్లు మళ్లీ చేసి, మరిగే గిన్నె ముందు అందరి ఎదుటా చూపించేదాకా రోజుకు మూడుసార్లు చువ్వ పట్టుకుంటానని మాటిచ్చాడు. అట్లాగే పట్టుకున్నాడు.

తాళంచెవి ఆయన తిరిగి అడగలేదు. ఉరుకుందు ఇవ్వబోయినా చెయ్యి చాపలేదు. ఇప్పటికీ పొద్దున్నే ఆ గది తెరిచేది ఉరుకుందే. చెవి తాళంలోకి పోయిందో లేదో వేళ్లకు తెలియదు. అందుకని వంగి, కళ్లతో చూస్తూ తిప్పుతాడు. చర్మం కప్పుకుంది, వేళ్లు ముడుచుకుంటాయి, పని చేస్తాయి. కానీ ఆ పది వేళ్ల కొనలకు చలీ లేదు, వేడీ లేదు. వైద్యుడు సూది గుచ్చి చూసి, ఇది తిరిగి వచ్చేది కాదని చెప్పాడు.

ఆ వేళ్లతో పని నెమ్మదిగా సాగి, కొత్త కళ్లు ఆరు నెలలకు తయారయ్యాయి. నీడలో ఆరాయి. ఈసారి బేలు కాస్త కాగినా గంట మోగుతుంది. అయినా తాయమ్మ చువ్వను ఎవరూ మూలన పెట్టమనలేదు.

సాయంత్రం మిల్లు దగ్గర టీ వస్తుంది. స్టీలు గ్లాసులు. మొదటిసారి ఉరుకుందు తెలియక పట్టుకుని తాగి నోరంతా పొక్కించుకున్నాడు. అప్పటి నుంచి గ్లాసు ముందు పెట్టుకుని, ముట్టుకోకుండా కూర్చుంటాడు.

తాయమ్మ వాకిలి ఊడ్చడం ఆపి వస్తుంది. గ్లాసు తీసి మచ్చల చెంపకు ఆనించుకుని కాసేపు ఉంటుంది.

"చల్లారిందా తాయక్కా?" అని అడుగుతాడు.

"ఇంకా లేదప్పా. ఉండు" అంటుంది.

వేడిని దూరం నుంచే పసిగట్టే కళ్లు చేసిన మనిషి, ఒళ్లో రెండు చేతులూ పెట్టుకుని, ఆమె చెప్పేదాకా కూర్చుంటాడు.